కుక్కకు టీకా, బోర్డుకు టీకా

అవతారిక

బాపట్లలో ఒకానొక లాడ్జీ. మెట్లెక్కగానే కుడిచేతి గోడకు ఒక రేకు బోర్డు. తెల్ల రంగు మీద నీలి అక్షరాలు. కవి ఎవరో తెలియదు. కాలం, పెచ్చులూడిన తీరు చూస్తే, పదేళ్లకు మించదు. పూర్తి పాఠం ఇది:

పెంపుడు జంతువులను లోనికి అనుమతించబడదు.
అవివాహిత జంటలకు గదులు ఇవ్వబడవు.
ఇట్లు,
యాజమాన్యము.

నాలుగే నాలుగు పాదాలు. ఇంతటి గంభీరమైన గ్రంథానికి ఇప్పటిదాకా వ్యాఖ్యానం లేకపోవడం శోచనీయం. మా కుక్కకు టీకాలన్నీ పడ్డాయి. రేబిసు టీకా ఏటా వేయిస్తున్నాం. తేదీలూ డాక్టరుగారి సంతకాలూ ఉన్న పుస్తకం సంచీలోనే ఉంది. టీకా లేనిదల్లా ఈ బోర్డుకే. ఆ లోటు తీర్చడానికి పూనుకున్నాను. కాళిదాస కావ్యాలకు మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. ఆముక్తమాల్యదకు వేదం వేంకటరాయశాస్త్రిగారు రాసిందీ సంజీవనే. కనుక దీని పేరు శ్వానసంజీవని. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు మాట ఇచ్చాడు. అందులో మొదటి సగం నేనూ ఇస్తాను. రెండో సగం, ముప్పయ్యేళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, నా వల్ల కాదు.

సందర్భము

కార్తీక పున్నమికి సూర్యలంకలో సముద్రస్నానం చెయ్యాలని మా ఆవిడ ఎప్పట్నుంచో అంటోంది. తెనాలి నుంచి బాపట్ల నలభై కిలోమీటర్ల పైచిలుకు, అక్కణ్ణుంచి సముద్రం మరో తొమ్మిది. తెల్లవారుజామున నీళ్లలో దిగాలంటే ముందురోజు రాత్రికే బాపట్ల చేరాలి. చిక్కల్లా కుక్కతోనే. అది మా అబ్బాయిది. డల్లాస్ వెళ్తూ, "నాన్నా, ఒక్క ఆర్నెల్లు చూసుకోండి" అని దింపిపోయాడు. ఆ ఆర్నెల్లు మొదలై ఏడేళ్లయింది. ఇప్పుడు దానికి పదకొండేళ్లు, వెనక కాళ్లు పట్టేశాయి. వాడు పెట్టిన పేరు బ్రూనో. మా ఆవిడ చిట్టిబాబు అంటుంది. నేను సారమేయుడంటాను. చెవులు మందగించి మూడింటికీ పలకడం మానేసింది. పెరుగు గిన్నె చప్పుడు మాత్రం పక్కింట్లోదైనా వినిపిస్తుంది.

(కార్తీకమాసానికీ కుక్కలకూ ఉన్న సంబంధం లోకవిదితం. వివరించను.)

ముందు రైలనుకున్నాం. రైల్వేవారి శ్వానశాస్త్రం అతి సూక్ష్మమైనది. గార్డు పెట్టెలో ఉండే గూట్లో పెడితే కుక్కను 30 కేజీల సామాను కింద లెక్కకడతారు. అదే కుక్క మొదటి తరగతి కూపే ఎక్కితే 60 కేజీలు. పెట్టె మారగానే బరువు రెట్టింపవడాన్ని అష్టసిద్ధుల్లో గరిమ అంటారు. అడ్డంగా పడున్న హనుమంతుడి తోకను భీముడు ఎత్తలేకపోయింది ఆ సిద్ధి వల్లనే. మా వాడి అసలు బరువు 28. పాసింజర్లకు మొదటి తరగతి ఉండదు కనుక మాకు గరిమ ప్రాప్తం లేదు, గూడే గతి. పైగా 2022 నుంచి గార్డును గార్డనకూడదు, ట్రైన్ మేనేజర్ అనాలి. కాబట్టి ఆ పెట్టెలో కాపలా అనే కులవృత్తి ఇంకా వదలనిది గూట్లో ఉన్న కుక్క ఒక్కటే. ఆ ఇనప గూడు చూసి మా ఆవిడ ససేమిరా అంది. కారు మాట్లాడాం. డ్రైవరు కుర్రాడు కుక్కను చూసి, "సీటు మీద పాత దుప్పటి పరవండి బాబాయ్, చాలు" అన్నాడు. ఆ రోజు మేము విన్న నిబంధనలన్నిటిలో అర్థమైంది అదొక్కటే.

పెంపుడు

పెంచుకొనబడునది. పెంపుడు చిలక, పెంపుడు కొడుకు వలె. స్పష్టము.

కానీ కవి ఈ విశేషణాన్ని ఊరికే వెయ్యలేదు. 'జంతువులను' అని ఊరుకుంటే బల్లులూ, బొద్దింకలూ, దోమలూ నిషేధంలోకి వచ్చేవి. అప్పుడు లాడ్జీ నడవదు. మేం వెళ్లేసరికి ఆ మెట్ల మీద రెండు వీధికుక్కలు పడుకుని ఉన్నాయి. ఒకటి గుమ్మంలో వేసిన పట్టా మీదే చుట్ట చుట్టుకుని నిద్రపోతోంది. వచ్చేపోయేవాళ్లు దాన్ని దాటుకుంటూ నడుస్తున్నారు. వాటికి యజమాని లేడు కనుక బోర్డు వర్తించదు. వాటికి టీకా లేదు, మెడకు పట్టీ లేదు, వెంట ఆధార్ కార్డున్న మనిషి లేడు. అవి లోపల. ఇవన్నీ ఉన్న మావాడు బయట. అంటే దోషం జంతువులో లేదు, పెంచడంలో ఉందన్నమాట.

ఇక్కడ పాణినిని ఒకమాట అడక్క తప్పదు. అమరసింహుడు కుక్కకు చెప్పిన పేర్లలో 'కౌలేయకం' ఒకటి. మిగతావాటికి అర్థం చెప్పడం తేలికే. భషకం అంటే మొరిగేది, మృగదంశకం అంటే జంతువుల్ని కరిచేది. కౌలేయకం అలా కాదు. కులం అంటే వంశం, ఇల్లు. ఆ మాట మీద ఒక ప్రత్యేక ప్రత్యయం చేర్చి, అది కుక్క అనే అర్థంలో వస్తుందని పాణిని ఒక సూత్రంలో విధించాడు. అదే సూత్రంలో కత్తికి, మెడలో నగకు కూడా ఇలాంటి ఏర్పాటే చేశాడు. కడుపు పక్కన వేలాడేది కత్తి, మెడకు అంటిపెట్టుకునేది నగ, కులాన్ని అంటిపెట్టుకునేది కుక్క. ఈ సూత్రం కింద వంశంలో పుట్టిన మనిషికి ఆ రూపం రాదు. ఈ లెక్కన తాతగారి ఆస్తి పంచుకున్న మనవడు కౌలేయకుడు కాలేడు. గుమ్మంలో పడుకున్న కుక్క అవుతుంది. ఈ కాలంలో కుక్కకు స్వెట్టరు తొడిగి, కేకు కోయించి, "మా ఫ్యామిలీ మెంబరండీ" అని పరిచయం చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది గానీ, వ్యాకరణం వాళ్ల పక్షానే ఉంది. రెండున్నర వేల యేళ్ల కిందటి తీర్పు. బాపట్ల లాడ్జీ మీద పనిచెయ్యలేదు.

జంతువులను

రెండో విభక్తి. దీని మీద పెద్ద గొడవ ఉంది. తరవాత.

లోనికి

దీని అర్థం చివర చెబుతాను.

విశేషము

కుక్కకు లోపల చోటు లేదన్న మొట్టమొదటి యాజమాన్యం ఇంద్రుడు. మహాప్రస్థానిక పర్వం, తెలుగులో తిక్కనగారి వాటా. హస్తినాపురం వదిలి బయల్దేరినవాళ్లు ఆరుగురు, వెంట ఒక కుక్క. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఆ వరసనే పడిపోయారు. చివరికి మిగిలింది ధర్మరాజూ కుక్కా. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు. కుక్కను వదిలెయ్యమన్నాడు. కుక్కలున్నవాళ్లకు స్వర్గంలో చోటు లేదన్నాడు. తోడుగా వచ్చినదాన్ని వదిలి నేను రానన్నాడు ధర్మరాజు.

ఇది అందరికీ తెలిసిన కథే. తెలియాల్సింది ఇంద్రుడి చరిత్ర. ఆ మహానుభావుడికి కుక్క చేసిన ఉపకారం చిన్నది కాదు. పణులు ఆవుల్ని దోచి ఎక్కడో దాచేస్తే దేవతలకు దిక్కు తోచలేదు. అప్పుడు ఇంద్రుడి దూతగా వెళ్లింది సరమ. దేవతల కుక్క. రస అనే నది దాటి, ఆవులున్న చోటు పట్టుకుని, పణుల ఎదుట నిలబడి మాట్లాడింది. వాళ్లు బెదిరించారు. పనిచెయ్యకపోతే ఆవుల్లో వాటా ఇస్తాం, చెల్లెలివై మాతోనే ఉండిపొమ్మన్నారు. ఒప్పుకోలేదు. ఋగ్వేదం పదో మండలంలో 108వ సూక్తమంతా ఈ సంభాషణే. లంచం ఇవ్వజూపితే వద్దని చెప్పిన ప్రభుత్వ ఉద్యోగి మన వాఙ్మయంలో నాకు తెలిసినంతలో అదే మొదటిది. ఆ సరమకు పుట్టిన జాతిని పట్టుకుని స్వర్గంలో చోటు లేదన్నాడు ఇంద్రుడు. పశువులు దొరికాయి కదా, ఇక కుక్కతో పనేముంది!

ఇంకో సంగతి. భారతం మొదలవడమూ కుక్కతోనే. జనమేజయుడు తమ్ముళ్లతో సత్రయాగం చేస్తుంటే సరమ పిల్ల అటుగా వచ్చింది. నెయ్యి ముట్టలేదు, దేన్నీ నాకలేదు. అయినా తమ్ముళ్లు ముగ్గురూ పట్టుకుని కొట్టారు. అది ఏడుస్తూ పోయి తల్లికి చెప్పింది. తల్లి వచ్చి, తప్పేం చేశాడని కొట్టారని అడిగింది. జవాబు లేదు. అనుకోని భయాలు మీకొస్తాయని చెప్పి పోయింది. నన్నయగారు ఈ ఘట్టాన్ని వదలకుండా తెనిగించారు. ఆదిపర్వంలో యాగశాల దగ్గర కుక్కను కొట్టారు, మహాప్రస్థానికంలో స్వర్గద్వారం దగ్గర కుక్కను ఆపారు. నడుమ లక్ష శ్లోకాలు, పద్దెనిమిది అక్షౌహిణులు, ఒక గీత. ఇంత జరిగాక కుక్క స్థితిలో వచ్చిన అభివృద్ధి ఇదీ: కొట్టడం మానేసి నిబంధన చెబుతున్నారు.

చివరకు ఆ కుక్క ధర్మదేవతే అని తేలడం కథకు అందం తెచ్చిందంటారు. నా మట్టుకు అక్కడే కథ చెడింది. లోపల దేవుడున్నాడు కనుక ధర్మరాజు చేసింది ఒప్పయిందా? కుక్క కుక్కగానే మిగిలిపోతే అతను చేసింది మొండితనమా? అప్పట్నుంచీ కుక్కను దయచూడాలంటే జనం దాని వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూస్తారు. భైరవుడి వాహనమా అంటారు. దత్తాత్రేయుడి కాళ్ల దగ్గర నాలుగు కుక్కలుంటే నాలుగు వేదాలంటారు. మా వాడి లోపల యముడు లేడు, వేదం లేదు. పొద్దున తిన్న పెరుగన్నం ఉంది. నడుం నొప్పి ఉంది. దాన్ని ఎన్నిసార్లు పరీక్షించినా లోపల కుక్కే తేలుతుంది. కుక్కగా వచ్చి కుక్కగా నిలబడినదానికి రాత్రి తలదాచుకునే చోటు ఉందా లేదా, ప్రశ్న అది.

మళ్లీ పాణిని దగ్గరికి రావాలి. ఇదే ఈ వ్యాఖ్యానానికి ప్రాణం, చదువరులు కొంచెం ఓపిక పట్టాలి. శ్వన్, యువన్, మఘవన్ అని మూడు మాటలు. కుక్క, పడుచువాడు, ఇంద్రుడు. కొన్ని విభక్తుల్లో ఈ మూడింటిలోని వకారం ఉకారమవుతుంది. శునః, యూనః, మఘోనః. రూపం ఒకేలా మారుతుంది కనుక పాణిని ముగ్గుర్నీ ఒకే సూత్రంలో కూర్చోబెట్టాడు. దీని మీద పండితులు చెప్పుకునే పాత చాటువొకటి ఉంది. అందరూ చెప్పేదే, నేను చెప్పను. నేను చెప్పదలిచింది వేరు. ఆ మూడు మాటలూ పట్టుకుని బోర్డు మళ్లీ చదవండి. మొదటి పాదంలో శ్వానానికి ప్రవేశం లేదు. రెండో పాదంలో 'అవివాహిత జంటలకు' అన్నాడు, అనగా యువకుడికి లేదు. మూడోవాడు మఘవంతుడు. మఘం అంటే ధనం, సంపద. వాడి మాట బోర్డులో లేదేమని వెతికితే, కౌంటరు వెనక అద్దానికి ఇంకో కాగితం అంటించి ఉంది: ఏసీ డీలక్సు, వీఐపీ సూటు, అడ్వాన్సు బుకింగు. పాణిని ఒకే గదిలో ఉంచిన ముగ్గురిలో డబ్బున్నవాడికి సూటిచ్చి మిగతా ఇద్దర్నీ మెట్ల మీద నిలబెట్టారు. సూత్రాన్ని ఇంత క్షుణ్ణంగా విడదీసిన వ్యాఖ్యాత కాశీలో కూడా ఉండడు. యాజమాన్యానికి నమస్కారం.

మా ఊరి రామలింగడి పేర చెప్పుకునే కథలో నల్లకుక్కను తోమి తెల్లకుక్కను చెయ్యబోయినట్టుంది. తెల్లబడినా ఇక్కడ గదివ్వరు. ఇక శునశ్శేపుడు. అతనికీ, అతని అన్నకూ, తమ్ముడికీ ముగ్గురికీ కుక్కతోక అని అర్థమొచ్చే పేర్లే ఎందుకు పెట్టారన్నది విచారించవలసి ఉంది. ఛాందోగ్యంలో కుక్కలు సామం పాడి అన్నం అడిగే ఘట్టాన్ని కూడా...

"ఏమండీ, రూము ఇస్తానన్నాడా లేదా? కాళ్లు పీకుతున్నాయి."

మా ఆవిడ మెట్ల కింద నిలబడి ఉంది. కుక్క ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. సాయంత్రం ఆరున్నర.

అనుమతించబడదు

ఇప్పుడు అసలు రోగం దగ్గరికి వద్దాం.

తెలుగువాడు 'అన్నం తిన్నాను' అంటాడు. 'నాచేత అన్నం తినబడెను' అనడు. కర్మణి ప్రయోగం మన నోట్లో పుట్టింది కాదు. సంస్కృతం చూసి పండితులు రాశారు, ఇంగ్లిషు చూసి గుమాస్తాలు రాశారు. పండితుడు ఎప్పుడో ఒకసారి రాసి ఊరుకున్నాడు. గుమాస్తా ఊరుకోలేదు. విద్యుత్తు నిలిపివేయబడును. దరఖాస్తులు స్వీకరించబడవు. ఈ కౌంటరు మూయబడినది. చిల్లర ఇవ్వబడదు. ఇన్ని పనులు జరుగుతున్నాయి, చేసేవాడు ఒక్కడూ కనబడడు. నిలిపేవాడు లేకుండా కరెంటు నిలిచిపోతోంది, మూసేవాడు లేకుండా కౌంటరు మూతపడుతోంది. అద్వైతులు కూడా జగత్తుకు ఇంతకంటే కర్తృత్వం ఒప్పుకున్నారు.

నిరుడు నా పింఛను కాగితం వెనక్కి వచ్చింది. దాని మీద ఒకే మాట: తిరస్కరించబడినది. బతికే ఉన్నానని నేనిచ్చిన కాగితమది. ఆఫీసుకు వెళ్లి, "ఎవరు తిరస్కరించారమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల మంచిదే, కంప్యూటరు వంక చూసి, "సిస్టమండీ" అంది. సిస్టాన్ని చూపించమని అడగలేకపోయాను. నేను బతికి లేననడానికి ఒక మనిషైనా ఎదురుగా నిలబడలేదు. ఆ దుఃఖం నాకింకా తీరలేదు. ఇక్కడ రాయవలసింది కాదు, రాశాను.

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుదారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువులు దాచిన రాతి కరండాలు దొరికాయి. వాటి మీద ప్రాకృతంలో రాతలున్నాయి. ఏముంది వాటిలో? పేర్లు. కుర అనేవాడు, అతని తల్లి, అతని తండ్రి ఈ కరండం చేయించారని ఉంది. కుబిరకుడనే రాజు పేరుంది. రెండు వేల యేళ్లు దాటిన రాత. మట్టిలో కప్పెట్టి ఎవరూ చూడబోని రాయి మీద కూడా ఈ పని మేం చేశాం అని చెక్కుకున్నారు. అక్కణ్ణుంచి గంటన్నర దూరంలో, నడిబజార్లో, అందరూ చూసే బోర్డు మీద చేసినవాడి జాడ లేదు. ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడింది 1913లో ఈ బాపట్లలోనే. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న మాట అక్కడ చర్చకు వచ్చింది. రాష్ట్రం వచ్చింది. బోర్డుకు తెలుగు ఇంకా రాలేదు.

నేను కుక్కల తరఫు వకీలును కాను. రూములో బొచ్చు రాలుతుంది, నిజమే. పక్క గదిలో చిన్నపిల్లలుంటారు, కొందరికి కుక్కంటే భయం, అదీ నిజమే. "మా లాడ్జీలోకి కుక్కల్ని రానివ్వం" అని రాస్తే నేను బోర్డుకు దండం పెట్టి వెళ్లిపోయేవాణ్ణి. అందులో 'మా' ఉంది, 'రానివ్వం' అనేవాడు ఒకడున్నాడు. అతనితో తగువాడవచ్చు, బతిమాలవచ్చు, ఇంకో వంద ఇస్తాననవచ్చు. ఇంద్రుడు సయితం తానే రథం తెచ్చి తన నోటితో కాదన్నాడు. అందుకే ధర్మరాజుకు ఎదురు జవాబివ్వడానికి వీలయింది. 'అనుమతించబడదు'కు ఎదురు జవాబు ఎవరికివ్వాలి?

పూర్వపక్షము

కౌంటరులో పాతికేళ్ల కుర్రాడున్నాడు. టీకాల పుస్తకం తీసి చూపించాను. తెరవలేదు.

"బోర్డు చూడండి మాస్టారూ."

"చూశాను నాయనా. అందుకే అడుగుతున్నా. ఎవరు వద్దన్నారు?"

"రూల్సండీ."

"వయసైపోయిన కుక్క. ఒక మూల గోనెసంచీ వేస్తే చాలు, పొద్దున నాలుగింటికల్లా వెళ్లిపోతాం."

"నాకేం లేదండీ, నాకూ ఇంటి దగ్గర కుక్కుంది. బోర్డుంది గదండీ."

వాడి మీద నాకు కోపం లేదు. వాడు కూడా ఆ 'బడు' ధాతువు కింద పడ్డవాడే.

పాఠాంతరము

తెలుగు బోర్డు కింద ఇంగ్లిషు పాఠం కూడా ఉంది. పెట్స్ నాట్ అలౌడ్. వినడానికి బానే ఉంది. అయితే స్పెల్లింగు చూడండి. అనుమతికి రాయవలసిన మాటలో ఒక 'ఎల్' ఎగిరిపోయింది, 'ఇ' ఎగిరిపోయింది, 'డబ్ల్యు' స్థానంలో 'యు' వచ్చి కూర్చుంది. అప్పుడది 'బిగ్గరగా' అనే అర్థమున్న వేరే మాట. పెంపుడు జంతువులు బిగ్గరగా వద్దు, అని భావము. అనగా మెల్లగా ఉన్నవి రావచ్చును. మా వాడు మొరిగి రెండేళ్లయింది. దొంగొచ్చినా తోక ఊపుతాడు, అదీ ఓపికుంటే. ఈ పాఠాన్ని బట్టి మాకు ప్రవేశార్హత సిద్ధిస్తున్నది. కుర్రాడికి ఇది విన్నవించాను. వాడు బోర్డు వంక, నా వంక, మళ్లీ బోర్డు వంక చూసి, "మీరు టీచరాండీ?" అన్నాడు.

సిద్ధాంతము

వాయిదా వేసిన రెండో విభక్తి సంగతి ఇక్కడ తేల్చాలి. 'జంతువులను అనుమతించము' అంటే ఒప్పు. 'జంతువులు అనుమతించబడవు' అన్నా, వికారంగా ఉన్నా, ఒప్పే. 'జంతువులను అనుమతించబడదు' అన్నది ఒకదాని మొండేనికి ఇంకోదాని తల తగిలించడం. దక్షుడికి మేకతల అతికినట్టు. జంతువులు బహువచనం, 'బడదు' ఏకవచనం. రెండింటికీ పొత్తు కుదరదు.

కవికి వ్యాకరణం తెలియదందామా? రెండో పాదం చూడండి. 'గదులు ఇవ్వబడవు.' బహువచనానికి బహువచనం, ప్రథమకు కర్మణి, సూదిలో దారంలా ఎక్కింది. కనుక తెలుసు. తెలిసినవాడు తప్పు రాస్తే అది తప్పు కాదు, ధ్వని. మరి 'అనుమతించబడదు' అనే ఏకవచన క్రియకు తగిన పదం గ్రంథంలో ఎక్కడుంది? నపుంసక ఏకవచనం కావాలి. ప్రథమలో ఉండాలి. వెతకగా నాలుగో పాదంలో ఒక్కటే దొరికింది: యాజమాన్యము.

అన్వయము: యాజమాన్యము లోనికి అనుమతించబడదు.

ఇంత లోతైన సత్యాన్ని ఇంత మరుగున పెట్టి చెప్పిన కవి మామూలువాడు కాదు. నా అన్వయం సరైనదో కాదో పరీక్షించడానికి కుర్రాణ్ణి అడిగాను. "ఓనరుగారు ఉన్నారా బాబూ?"

"ఆయన గుంటూరులో ఉంటారండీ. ఇక్కడికి రారు."

"లోపలికి ఎప్పుడూ రాలేదా?"

"నేను చేరాక రాలేదండీ."

ఇంతకంటే ప్రమాణం అక్కర్లేదు. 'జంతువులను' అన్న ద్వితీయకు 'ఉద్దేశించి' అని అధ్యాహారం చేసుకోవాలి. ఓ పెంపుడు జంతువులారా, మీకు చెప్పునది ఏమనగా, యాజమాన్యమునకు కూడా ఇందులో ప్రవేశము లేదు, మీరు విచారింపవలదు. ఇది నేను మెట్లు దిగి సారమేయుడికి వివరించాను. వాడు విచారించినట్టు కనబడలేదు. కారు దగ్గరికి నడిచాడు, ఎక్కలేక ముందుకాళ్లు సీటు మీద పెట్టి నిలబడ్డాడు. డ్రైవరు కుర్రాడు వెనక నుంచి ఎత్తాడు.

తాత్పర్యము

గది దొరకలేదు.

బాపట్లలో ఇంకో రెండు చోట్ల అడిగాం. ఒకచోట బోర్డు లేదు గానీ తల అడ్డంగా ఊగింది. నాకు అదే నయమనిపించింది. సూర్యలంక దారిలో సరుగుడు తోటల్లో కారు ఆపి పడుకుందామన్నాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకు వ్యాఖ్యానం రాయను. "రేపల్లె పోదాం, మా తమ్ముడు గుమ్మంలో ఏ బోర్డూ పెట్టలేదు" అంది. నలభై కిలోమీటర్లు. చందవోలు దాటేటప్పుడు, ఒకప్పుడు ఇది వెలనాటి చోళుల రాజధాని అని మొదలుపెట్టాను. ఎవరూ ఊకొట్టలేదు. సముద్రస్నానం పోయింది. రేపల్లెలో అయితే పెనుమూడి రేవు ఉంది, కృష్ణ ఉంది, నదిలో మునిగితే పుణ్యం తక్కువేం కాదని ఆవిడ తనకు తనే చెప్పుకుంటోంది. చెరుకుపల్లి వచ్చేసరికి కుక్క నా తొడ మీద తల పెట్టి గురక మొదలుపెట్టింది. నా కాలు తిమ్మిరెక్కినా కదల్చలేదు.

బామ్మర్ది ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. వాళ్ల ఆవిడ ఎదురొచ్చి, "అయ్యో, ముసలాయన్ని ఎంత దూరం తిప్పారు" అంది. నన్ను అనుకున్నాను. కుక్కను. పెరుగన్నం కలిపి పెట్టింది. వరండాలో పాత పరుపు వేసింది, లోపల ఫ్యాను కింద కూడా చోటు చూపించింది. సారమేయుడు అన్నం తిని, పరుపు వాసన చూసి, ఫ్యాను వంక చూసి, తిరిగొచ్చి వీధి గుమ్మంలో గడపకు అడ్డంగా పడుకున్నాడు. తల బయటికి, తోక లోపలికి.

కిళ్లీకొట్టు దాకా వెళ్లొచ్చిన బామ్మర్ది మెట్టు మీద ఆగిపోయాడు. కాలెత్తి దాటబోయాడు. దాటితే కుక్క లేస్తుందేమో అని మళ్లీ దించాడు.

"బావా, వీణ్ణి కాస్త లేపు. నేను లోపలికి రావాలి."

"ఇప్పుడే నిద్రపట్టింది," అంది లోపల్నుంచి మా ఆవిడ. "కాసేపు అక్కడే కూర్చోరా."